సకినం మీద వేసిన నింద

రెండేళ్ళ కిందటి సంక్రాంతికి మునుగోడు దగ్గరి మా ఊరి నుంచి అక్క పంపిన సకినాలు తింటూ ఉండగా నా కింది దవడలో కుడివైపు పన్ను అంచు ఒకటి విరిగింది. బియ్యపు గింజంత ముక్క. నువ్వుల మధ్య గరుకుగా నాలుకకు తగిలితే అరచేతిలోకి తీసుకొని చూసి, పిండిలో రాయి వచ్చిందనుకున్నాను. అక్కకు ఫోన్ చేసి, బియ్యం గాలించకుండానే పిండి పట్టించావా అని అడిగాను కూడా. సాయంత్రం చల్లటి నీళ్ళు తగిలినప్పుడల్లా ఆ పక్క జివ్వుమనడం మొదలైన తరువాత గాని, అది రాయి కాదని, నా పన్నేనని నాకు తట్టలేదు.

ఇప్పుడు ఆలోచిస్తే, అంతకు ముందు నాలుగైదేళ్ళుగా నా నోరు ఏదో ఒకటి చెబుతూనే ఉంది. పొద్దున లేవగానే రెండు కణతలూ బరువుగా ఉండి, స్నానం చేసి టిఫిన్ తినేసరికి తగ్గిపోయే తలనొప్పి ఉండేది. దానికి కళ్ళజోడు మార్చాను. కుడి చెవికి ముందు భాగంలో నొప్పి వస్తే చెవి వైద్యుని దగ్గరకు వెళ్ళాను. ఆయన లోపలికి చూసి, చెవి శుభ్రంగా ఉందని చెప్పి చుక్కల మందు కూడా రాయకుండా పంపించారు. ముందు పళ్ళ అంచులు పెళుసుబారి కొద్దికొద్దిగా ఊడుతుంటే అది ఫ్లోరైడ్ నీళ్ళ పుణ్యమనుకున్నాను, ఎందుకంటే మునుగోడు, మర్రిగూడ, దేవరకొండ వైపు బోరునీళ్ళు తాగి పెరిగిన నా వయసు వారి పళ్ళ మీద పసుపు, గోధుమ రంగు చారలు ఉండడం వింత కాదు, అవి నాకూ ఉన్నాయి. ఎడమవైపు పై పన్నుకు రూట్ కెనాల్ చేయించి తొడిగించుకున్న పింగాణీ క్యాప్ ఎనిమిది నెలలకే పెచ్చు లేచిపోయింది. ఆ క్యాప్ వేసిన క్లినిక్కువారు "మీరు గట్టి పదార్థాలు తింటున్నారు" అని చెప్పి, మళ్ళీ పూర్తి డబ్బు తీసుకొని ఇంకొకటి వేశారు. మొదటి క్యాప్ అంత త్వరగా ఎందుకు పగిలిందని వారు ఆలోచించలేదు, నేనూ అడగలేదు. ఒక్కొక్క బాధకు ఒక్కొక్క కారణం చెప్పుకొని, అన్నీ ఒకే వేరు నుంచి వస్తున్నాయేమోనన్న అనుమానం లేకుండా గడిపేశాను.

విరిగిన ముక్కను కాగితంలో చుట్టుకొని మల్కాజిగిరిలో మా వీధి చివర ఉన్న దంతవైద్యురాలి దగ్గరకు వెళ్ళాను. విరిగిన పన్నును ఆమె చూసింది అర నిమిషం. మిగిలిన పళ్ళను చూసింది పావుగంట. చివరకు నా చేతికి అద్దం ఇచ్చి, పళ్ళు తగులుతూ ఉండగానే కింది దవడను మెల్లగా కుడివైపుకు జరపమన్నారు. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ, మెలకువలో నేను ఎన్నడూ పెట్టని ఒక వంకర స్థానానికి దవడ చేరేసరికి, పై కోరపన్ను కొసన ఉన్న చదునైన భాగమూ కింది కోరపన్ను మీది చదునైన భాగమూ ఒకదాని మీద ఒకటి, గిన్నె మీద దాని మూత కూర్చున్నట్టు, సరిగ్గా కూర్చున్నాయి. రెండింటి మధ్య వెంట్రుక దూరేంత సందు లేదు. దీపం వెలుగులో ఆ చదునులు గాజులా మెరుస్తున్నాయి. "అన్నం తినేటప్పుడు దవడ ఇంత దూరం రాదండీ. ఈ రెండు పళ్ళూ ఇక్కడ కలుసుకుంటున్నాయంటే అది రాత్రిపూట పనే అయి ఉండాలి. మీరు నిద్రలో పళ్ళు కొరుకుతారా?" అని అడిగారు. లేదని చెప్పాను. "నిద్రలో ఉన్నారు కదా, లేదని మీకెట్లా తెలుసు?" అన్నారు.

పక్క కుర్చీలో కూర్చున్న నా భార్య అప్పటిదాకా ఏమీ మాట్లాడలేదు. "కొరుకుతరు డాక్టరమ్మా. పెండ్లయిన కొత్తల అటుక మీద ఎలుక చేరిందనుకున్న. తర్వాత అలవాటైపోయింది" అన్నది. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ సంగతి ఆమె నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు. ఇంటికి వచ్చాక ఎందుకు చెప్పలేదని అడిగితే, గురక సంగతి చెబితేనే ఒప్పుకోని మనిషివి, ఇది చెబితే ఒప్పుకుంటావా అన్నట్టు ఒక చూపు చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఈ జబ్బులో, దీనిని జబ్బు అనవచ్చునా అన్నది వేరే ప్రశ్న, అన్నిటికన్నా చిక్కైన సంగతి ఇదే: కొరికే మనిషికి తాను కొరుకుతున్నానని తెలియదు. వైద్యులు దీనిని బ్రక్సిజం అంటారు. పళ్ళు పటపటలాడించడమనే అర్థం గల గ్రీకు మాట నుంచి వచ్చిన పేరిది. 1907లో ఫ్రెంచి వైద్యులు దీనిని 'బ్రక్సోమేనీ' అన్నారు, అంటే అందులో పిచ్చి అన్న అర్థం కూడా కలిపారు. ఆ పిచ్చి తరువాతి కాలంలో పేరులో నుంచి పోయింది. 2018లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒకటి ఇంకొక అడుగు ముందుకు వేసి, ఇతరత్రా ఆరోగ్యంగా ఉన్నవారిలో నిద్రలో పళ్ళు కొరకడాన్ని రోగంగా గాక, నమిలే కండరాలు నిద్రలో చేసే ఒక చేష్టగా, కొందరిలో నష్టానికి దారితీయగల చేష్టగా చూడాలని చెప్పింది. నిర్ధారణకు కూడా ఆ బృందం మూడు మెట్లు పెట్టింది. మనిషి తానో, పక్కన పడుకునేవారో చెప్పిన మాట ఒక్కటే ఉంటే అది అనుమానం. వైద్యుడు నోరు చూసి గుర్తులు పట్టుకుంటే బలమైన అనుమానం. నిద్రలో దవడ కండరాల కదలికను యంత్రంతో నమోదు చేస్తేనే ఖాయం. నేను రెండో మెట్టు మీద ఆగాను. చాలా మంది అక్కడే ఆగుతారు, పళ్ళను కాపాడుకోవడానికి అంతవరకు తెలిస్తే చాలు. పెద్దవారిలో సుమారు 8 నుంచి 10 శాతం మందికి ఈ అలవాటు ఉంటుందని అంచనా కనుక, ఇది చదువుతున్న వారి ఇళ్ళలో కూడా ఒకరో ఇద్దరో ఉండే ఉంటారు.

నిద్ర రాత్రంతా ఒకే లోతులో సాగదు. మధ్యమధ్య మెదడు మూడు నుంచి పదిహేను సెకన్ల పాటు మెలకువ ఒడ్డుకు వచ్చి, మనకు గుర్తు కూడా లేకుండా మళ్ళీ మునిగిపోతుంది. పళ్ళు కొరకడం ఎక్కువగా ఆ క్షణాలను ఆనుకొని, అది కూడా తేలికపాటి నిద్రలో జరుగుతుంది: మొదట మెదడు తరంగాలు చురుకవుతాయి, తరువాత గుండె వేగం పెరుగుతుంది, ఆ పైన గడ్డం కింది కండరాలు కదులుతాయి, అన్నిటికన్నా చివర దవడను మూసే కండరాలు బిగుసుకొని పళ్ళు రాసుకుంటాయి. పళ్ళు ఒకదానితో ఒకటి సరిగా కలవకపోవడం వల్లనే మనిషి కొరుకుతాడని పాత తరం వైద్యులు నమ్మేవారు. ఇప్పుడు ఆ నమ్మకానికి బలం లేదు. ఈ వరుస తెలియడం వల్ల నాకు కలిగిన లాభం చిన్నది కాదు. పళ్ళ ఎత్తుపల్లాలు సరిచేస్తే కొరకడం ఆగిపోతుందని చెప్పి నిక్షేపంగా ఉన్న పళ్ళను అరగదీయడానికి ఎవరైనా సిద్ధపడితే, నేనైతే ఆ కుర్చీలో నుంచి లేచి వస్తాను. పంటి పైపొర అయిన ఎనామెల్ మన ఒంట్లో అన్నిటికన్నా గట్టి పదార్థం, దాదాపు 96 శాతం ఖనిజమే. అయితే అందులో జీవకణాలు లేవు కనుక, అరిగినదైనా అరగదీసినదైనా మళ్ళీ పెరగదు.

నమలడానికి, మింగడానికి పై పళ్ళూ కింది పళ్ళూ తగిలే సమయమంతా కూడితే రోజుకు సుమారు 20 నిమిషాలే అవుతుందట. మిగిలిన వేళంతా పెదవులు కలిసి ఉన్నా పళ్ళ మధ్య సన్నని సందు ఉండాలి. పంటి బిగువున భరించడాన్ని గొప్పగా చెప్పుకునే భాషలో పుట్టినవాడిని కావడం చేతనో ఏమో, పళ్ళు బిగించి ఉంచడమే నోటికి సహజమని నలభై తొమ్మిదేళ్ళు వచ్చేదాకా అనుకున్నాను.

పక్కన పడుకొని వినేవారు లేనప్పుడు దీనిని పట్టుకోవడం ఎట్లా అని మా ఆఫీసులో హాస్టల్‌లో ఉండే కుర్రవాడొకడు అడిగాడు. అద్దం ముందు నిలబడి చూసుకోదగినవి కొన్ని ఉన్నాయి. నాలుక అంచుల వెంట పళ్ళ అచ్చులు పడి ఉండడం, బుగ్గ లోపలివైపు పళ్ళు కలిసే ఎత్తులో తెల్లని గీత ఉబికి ఉండడం, చెవి కింద దవడ మూల మీద వేళ్ళు పెట్టి పళ్ళు బిగిస్తే కండరం గోలీలా లేవడం, పొద్దున ఆవలించబోతే దవడ పట్టేసినట్టు ఉండడం వీటిలో ముఖ్యమైనవి. వీటిలో ఏ ఒక్కటీ తనంతట తాను రుజువు కాదు. అరుగుదలను చూసి కూడా పొరబడే అవకాశం ఉంది: నిమ్మరసం, కూల్‌డ్రింకులు అతిగా తాగేవారికీ, పుల్లని తేన్పులతో కడుపులోని ఆమ్లం తరచుగా నోటిదాకా వచ్చేవారికీ పళ్ళు కరుగుతాయి. ఆ కరుగుడులో పంటి మీద చిన్న గుంటలు పడతాయి. కొరకడం వల్ల వచ్చే అరుగుదల చదునుగా, మెరుస్తూ, ఎదుటి పంటిలోని చదునుతో జత కలిసేట్టు ఉంటుంది. ఒకే నోట్లో రెండూ ఉన్నవారూ ఉంటారు. ఇంకొక మెలిక ఏమంటే, అరుగుదల జరిగిపోయిన కాలం సంగతి చెబుతుందే గాని నిన్న రాత్రి సంగతి చెప్పదు. ఎప్పుడో ఇరవైల్లో కొరికి మానేసిన మనిషి పళ్ళు కూడా అట్లాగే కనిపిస్తాయి. ఇప్పటి సంగతి పొద్దుటి నొప్పి, ఇంట్లోవారి చెవులు చెప్పాలి. ఫోన్‌ను తలగడ పక్కన పెట్టి శబ్దాన్ని రికార్డు చేసుకోవచ్చు గాని, శబ్దం రాకుండా బిగించి పట్టేవారు దానికి చిక్కరు.

డాక్టరమ్మ తరువాత అడిగిన ప్రశ్నలు పళ్ళ గురించి కావు. రాత్రి ఎన్ని గంటలకు చాయ్ తాగుతారు, మద్యం ఉందా, సిగరెట్టు ఉందా, గురక పెడతారా, మానసిక ఆందోళనకు మందులు ఏమైనా వాడుతున్నారా, మీ అమ్మానాన్నలకు ఈ అలవాటు ఉందా అని వరుసగా అడిగారు. ఇవన్నీ పళ్ళు కొరకడంతో సంబంధం ఉన్నవే. నేను అబిడ్స్‌లో ఆడిట్ పని చేస్తాను. సాయంత్రం ఆరింటికి ఒకటి, ఇంటికి వెళ్ళే దారిలో సికింద్రాబాద్‌లో బండి ఆపి తొమ్మిదింటికి ఇంకొకటి, ఇరానీ చాయ్ పడనిదే నాకు పొద్దు గడిచేది కాదు. ఒంట్లోకి వెళ్ళిన కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు పడుతుందంటే, తొమ్మిదింటి చాయ్ రాత్రి రెండింటికి కూడా సగం మిగిలే ఉంటుందన్న మాట. ఆ రెండో చాయ్ మానడం నాకు ఈ మొత్తం వైద్యంలో అన్నిటికన్నా కష్టమైన భాగమని ఒప్పుకుంటున్నాను. మందుల విషయంలో మాత్రం ఒక హెచ్చరిక చెప్పాలి: సెర్ట్రలీన్, ఫ్లూఆక్సెటీన్, వెన్లాఫాక్సిన్ వంటి కుంగుబాటు మందులు వాడేవారిలో కొందరికి ఇది కొత్తగా మొదలవుతుంది. అట్లాగని వాటిని సొంతంగా ఆపేయకూడదు. రాసిన వైద్యునికే చెబితే మోతాదో మందో మార్చే దారి ఆయన చూస్తారు.

గురక ఉందనగానే, పళ్ళు అరగకుండా రాత్రిపూట నోట్లో పెట్టుకునే తొడుగు చేసే ముందు నిద్ర పరీక్ష చేయించుకోమన్నారు. వేలికి ఒక క్లిప్పు, ముక్కు దగ్గర సన్నని గొట్టం, ఛాతీకి పట్టీ కట్టుకొని ఇంట్లోనే ఒక రాత్రి పడుకున్నాను. గంటకు సగటున 11 సార్లు నా శ్వాస ఆగడమో సన్నబడడమో జరుగుతున్నదని తేలింది. ఆ సంఖ్య 5 నుంచి 15 దాకా ఉంటే స్వల్పం, 15 నుంచి 30 దాకా మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. గురక పెట్టే ప్రతివారూ పళ్ళు కొరకరు, కొరికే ప్రతివారికీ శ్వాస సమస్య ఉండదు; కాని శ్వాస ఆగే జబ్బు ఉండి దాన్ని గమనించకుండా మామూలు తొడుగు పెడితే కొందరిలో ఆ జబ్బు ఇంకా ముదురుతుంది. అటువంటివారికి గాలిని ఒత్తిడితో పంపే సీపాప్ యంత్రమో, కింది దవడను కొంచెం ముందుకు పట్టి ఉంచే వేరే రకం పరికరమో అవసరమవుతుంది. నాకు పక్కకు తిరిగి పడుకోవడం, బరువు తగ్గడం సరిపోతాయన్నారు. పడుకోవడం కుదిరింది.

తొడుగును అందరూ నైట్ గార్డ్ అంటారు. ఇనుప పళ్ళెంలో పుదీనా వాసన వేసే ముద్దను నింపి పై పళ్ళకు నొక్కి పట్టారు. రెండు మూడు నిమిషాల్లో అది రబ్బరులా గట్టిపడింది. కింది పళ్ళకూ అంతే. ఆ అచ్చుల్లో తెల్ల సిమెంటు వంటి పొడి కలిపి పోసి నా పళ్ళ నమూనా తయారు చేసి ల్యాబ్‌కు పంపారు. వారం తరువాత గాజులా కనిపించే గట్టి యాక్రిలిక్ తొడుగు వచ్చింది. దాన్ని పై పళ్ళకు తొడిగి, మధ్యలో నీలం కాగితం పెట్టి "టకటకలాడించండి, ఇప్పుడు పక్కకు జరపండి" అంటూ, నీలం మచ్చ ఎక్కువ పడిన చోటల్లా కొద్దికొద్దిగా చెక్కి, చివరకు కింది పళ్ళన్నీ ఒకే బలంతో తగిలేట్టు చేశారు. నన్నడిగితే, మనం చెల్లించిన 6,000 రూపాయలలో అసలు విలువ ఈ అరగంట పనిదే. డబ్బుకు ఇబ్బంది ఉన్నవారు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆసుపత్రిలో అడిగి చూడవచ్చు.

అంతకు ముందు ఆన్‌లైన్‌లో వేడినీళ్ళలో మెత్తబరచి కొరికి అచ్చు చేసుకునే తొడుగును ఒకదాన్ని తెప్పించి ఉన్నాను, దాచి ఏం లాభం. మెత్తగా ఉండడంతో చూయింగ్ గమ్ దొరికినట్టు రాత్రంతా దాన్ని నమిలాను, మూడు వారాల్లో చిల్లు పడింది. ముందు పళ్ళకు మాత్రమే తగిలించే చిన్న తొడుగులు కూడా దొరుకుతాయి. వాటిని వైద్యుని పర్యవేక్షణ లేకుండా నెలల తరబడి వాడితే తొడుగు లేని పళ్ళు జరిగి, నోరు మూసినప్పుడు పళ్ళు కలిసే తీరే మారిపోవచ్చు.

మొదటి వారం నోరంతా నీళ్ళూరి తలగడ తడిసేది. రెండుసార్లు నిద్రలోనే తీసి పారేశాను, ఒకసారి మంచం కింద దొరికింది. పదిహేను రోజులకు అలవాటయింది. పొద్దున లేచి చల్లని నీళ్ళతో, మెత్తని బ్రష్షుతో కడిగి గాలి తగిలే డబ్బాలో పెడతాను. వేడినీళ్ళు పోస్తే వంకర పోతుంది, పేస్టుతో తోమితే గీతలు పడి వాసన పట్టుకుంటుంది. కణతల నొప్పి నెల లోపలే చాలావరకు తగ్గింది, అందరికీ తగ్గుతుందన్న హామీ మాత్రం లేదు. కొరకడం తగ్గిందా అని మా ఆవిడను అడిగితే, "యాడ తగ్గింది? ఇప్పుడు ఎలుక ప్లాస్టిక్ డబ్బ కొరుకుతున్నది" అన్నది. డాక్టరమ్మ కూడా ముందే ఆ మాట చెప్పారు. తొడుగు కొరకడాన్ని మాన్పించదు; పంటికి బదులు తాను అరుగుతుంది.

మాన్పించే పనిలో నా చేతిలో ఉన్నది పగటిపూట మాత్రమే. పగలు పళ్ళు బిగించడం, రాత్రి కొరకడం ఒకటి కాదు, వాటి కారణాలు కూడా వేరు, కాని దవడ కండరానికి ఆ తేడా పట్టదు, రెండింటి అలుపూ దానికే. నేను బ్యాలెన్స్ షీటు మీద తేడా వెతుకుతున్నప్పుడూ, ట్యాంక్‌బండ్ దాటాక సిగ్నల్ దగ్గర స్కూటర్ మీద హెల్మెట్ పెట్టుకొని ఆగినప్పుడూ పళ్ళు బిగించే ఉంటానని గమనించడానికి రెండు వారాలు పట్టింది. ఆఫీసు కంప్యూటర్ తెర మూలన ఒక పసుపు చీటీ అంటించుకున్నాను, దాని మీద ఏమీ రాయలేదు. అది కంటపడినప్పుడల్లా నాలుక కొసను పై పళ్ళ వెనక చిగురుకు ఆనించి, 'న' అనబోయి ఆగినట్టు ఉంచుతాను. అట్లా ఉంచితే పళ్ళు వాటంతట అవే విడతాయి. పడుకునే ముందు పది నిమిషాలు తడిగుడ్డతో దవడకు గోరువెచ్చని కాపడం పెడతాను.

దవడ కండరాలకు బొటాక్స్ సూది గురించి కూడా అడిగాను. అది కొరకడాన్ని ఆపకుండా బలాన్ని మాత్రం కొన్ని నెలల పాటు తగ్గిస్తుంది, తరువాత మళ్ళీ వేయించుకోవాలి. తొడుగుతో గడిచిపోయేవారికి అవసరం లేదన్నారు, నాకూ అదే సబబనిపించింది.

ఇదంతా విని మా చెల్లెలు తన ఐదేళ్ళ కొడుకు సంగతి ఎత్తింది. వాడు రాత్రి పళ్ళు కొరికితే మా అమ్మ, కడుపులో నులిపురుగులున్నాయి, మందు వేయమంటుంది. మా చిన్నప్పుడు మాకూ అదే వైద్యం. నులిపురుగుల మందు ఫిబ్రవరి 10న అంగన్‌వాడీలలో, బడులలో ఎట్లాగూ వేస్తారు, వేయించాలి కూడా, కాని పళ్ళు కొరకడానికి పురుగులే కారణమన్న మాటకు గట్టి ఆధారం లేదు. పిల్లల్లో ఇది పెద్దవారిలో కన్నా ఎక్కువగా కనిపిస్తుంది, చాలా మందిలో పెరిగేకొద్దీ దానంతట అదే పోతుంది, అరిగేవి కూడా ఊడిపోయే పాలపళ్ళే. దవడ పెరుగుతూ ఉంటుంది కనుక మామూలుగా తొడుగు కూడా పెట్టరు. పిల్లవాడు గురక పెడుతున్నా, నోటితో గాలి పీలుస్తున్నా మాత్రం టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్లు అనే గ్రంథులు వైద్యునికి చూపించాలి. మా మేనల్లుడికి గురక ఉంది. వచ్చే వారం చూపిస్తున్నారు.

ఆరు నెలలకొకసారి తొడుగును పట్టుకొని డాక్టరమ్మ దగ్గరకు వెళతాను. ఆమె దాన్ని దీపానికి ఎత్తి పట్టి, కింది కోరపన్ను దాని మీద గీసిన బాటలను చూస్తారు. మొన్నటిసారి కుడివైపు బాట అడుగు పలచబడి అవతలి వెలుగు కనిపించింది. కొత్తది చేయాలన్నారు, ఈ శనివారం మళ్ళీ ఆ పుదీనా ముద్ద. అక్కకు మాత్రం ఫోన్ చేసి, సకినాల తప్పు లేదని చెప్పాను. "రెండేండ్ల నుంచి రెండుసార్లు జల్లెడ పడుతున్న గదరా" అన్నది.